ముక్కు సారు ఎర్ర పెన్ను

విమానాల ఇంజన్లను పరీక్షించి, ఎగరడానికి పనికొస్తాయని సర్టిఫికెట్ ఇచ్చే ఆఫీసులో ఆయన్ని అందరూ ముక్కు సారు అనేవారు. ఏ ఇంజను దగ్గరికెళ్ళినా ముందు నడుం వంచి, నేలకి జానెడెత్తులో ముక్కు పెట్టి పీల్చేవాడు. పెట్రోలు ఆవిరి బరువు కాబట్టి కిందికే దిగుతుంది; ఎక్కడ కారినా ఆ ముక్కుకి దొరికిపోయేది. ముప్పై ఏళ్ళలో ఆయన సంతకం పెట్టిన ఏ విమానానికీ ఏమీ కాలేదు. ఆ సంగతి తనంతట తాను చెప్పుకునేవాడు కాదు గానీ, ఎవరైనా చెబితే వద్దనేవాడూ కాదు.

రిటైర్మెంటుకి రెండు నెలలుందనగా హైడ్రోజన్‌తో నడిచే చిన్న విమానం వచ్చింది. కంపెనీ తరఫున డ్రాయింగులు గీసింది కొత్తగా చేరిన ఇంజనీరమ్మాయి. గ్యాసు లీకైతే గంట మోగించే సెన్సరును ఆమె ట్యాంకు గది పైకప్పుకి పెట్టింది. ముక్కు సారు ఎర్ర పెన్నుతో దాన్ని కొట్టేసి, కిందికి బాణం గీసి, ‘నేల దగ్గర’ అని రాసి పంపాడు. హైడ్రోజన్ తేలికని తెలియక కాదు, చెయ్యి అలవాటు కొద్దీ పోయింది. అమ్మాయి ఫోన్ చేసి ఏదో చెప్పబోతే, నువ్వు పుట్టకముందు నుంచీ లీకులు పట్టుకుంటున్నానమ్మా అని పెట్టేశాడు. ఆమె ఆయన చెప్పినట్టే కొత్తగా గీసి, రూలు ప్రకారం ఆ పాత కాగితం కూడా ఆయనకే తిప్పి పంపింది.

పరీక్ష రోజు హైడ్రోజన్‌కి బదులు, దాదాపు అంతే తేలికైన, నిప్పంటుకోని హీలియం వదిలారు. సెన్సరు దాన్నీ పసిగట్టగలదు. పైకప్పు దగ్గర పట్టుకున్న మీటరులో ముల్లు చివరికంటా పోయింది. కింద సెన్సరు ఉలకలేదు, పలకలేదు.

స్కూలు పిల్లలకి తెలిసిన సంగతి నీకు తెలియదా, రేపటి నుంచి రానక్కర్లేదని కంపెనీ మేనేజరు అందరి ముందూ అమ్మాయిని కడిగేశాడు. ఆమె తల వంచుకుంది తప్ప ముక్కు సారు వైపు చూడలేదు. ఆయనకి సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. ఆ కాగితం ఉన్నది తన సొరుగులో. నోరు మెదపకపోతే ముప్పై ఏళ్ళ పేరు చెక్కుచెదరదు.

“ఆ అమ్మాయి సరిగ్గానే గీసింది. కిందికి మార్పించింది నేను,” అన్నాడు.

రిపోర్టులో కారణం దగ్గర అదే రాసి, ఎర్ర పెన్ను కాగితం జతచేశాడు. ఇంటికెళ్ళి భార్యకి చెబితే ఆవిడ, మీ పొరపాట్లు నాకేం కొత్త కాదుగా, ఆఫీసుకి ఇప్పుడు తెలిసిందంతే అని కాఫీ ఇచ్చింది.

నెల తర్వాత మళ్ళీ పరీక్ష. ట్యాంకు గది తలుపు తీయగానే ముక్కు సారు నడుం వంచాడు. “సార్, పైకి,” అంది అమ్మాయి మెల్లగా. ఆయన నవ్వుకుంటూ నిటారుగా నిలబడ్డాడు. ఈసారి గంట మోగింది.

సంతకం పెట్టబోతూ ఆగి, కాగితాలు ఆమె ముందుకి జరిపాడు.

“నేను రాసినదాంట్లో తప్పుంటే ఇప్పుడే చెప్పమ్మా. ఈసారి ఫోన్ పెట్టేయను.”

ఆమె ఆసాంతం చదివి, రెండో పేజీ మీద వేలు పెట్టింది.