సూది మీద రూపాయి బిళ్ల

జిల్లాలు విడిపోయిన మరుసటి ఏడాది నాకు వనపర్తికి బదిలీ అయింది. ప్రభుత్వ ప్రచార విభాగంలో సౌండ్ ఆపరేటర్‌ని. హోదాలో సూపర్‌వైజర్‌కు కింద, డ్రైవర్‌కు పైన. సభలకు మైకులు కట్టడం పని. నా గదిలో పాత రికార్డు ప్లేయర్ ఒకటి ఉండేది. నడిచేది చుట్టుపక్కల అదొక్కటే కాబట్టి జనం వెతుక్కుంటూ వచ్చేవారు.

గద్వాలలో టైర్ల దుకాణం నడిపే ఖాజా అలాగే వచ్చాడు. తువ్వాలలో చుట్టిన రికార్డు బల్ల మీద పెట్టాడు. వాళ్ల అన్న బెంగుళూరులో చదువుతూ దోస్తులతో, గిటార్ల మోత మధ్య గొంతు చించుకుని అరిచే హార్డ్‌కోర్ పంక్ బ్యాండు కట్టి వేసిన ఒకే ఒక్క రికార్డు అది. ఎవరికీ పట్టలేదు. బిడ్డ పుట్టిన ఏడాదికే అన్న ప్రమాదంలో పోయాడు. ఇంట్లో ఒక్క కాపీ మిగల్లేదు. ఖాజా ఏళ్లు వెతికి, చెన్నైలో పాత రికార్డులు సేకరించే ఒకాయన దగ్గర దీన్ని కొన్నాడు.

“అన్న బిడ్డ వాళ్ల అబ్బా గొంతు ఎన్నడు ఇనలే సార్. జర పెన్‌డ్రైవ్‌ల ఎక్కియ్యుండ్రి. పాట ట్యూబు పేలినట్టుంటదంట, పరేషాన్ గాకుండ్రి,” అన్నాడు.

మా పనిలో నియమం ఒకటుంది. పాత రికార్డును మొదటిసారి తిప్పినప్పుడే కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవాలి. బాగుచేయడం ఆ తర్వాత. నేను ముందు ఊరికే విన్నాను. గరగర, మధ్యలో ఎవరిదో అరుపు. సూది గాడిలో కూర్చోలేదనుకున్నాను. పెళ్లిళ్ల మైక్‌సెట్ల దగ్గర నేర్చిన పని చేశాను. ప్లేయర్‌లో సూదిని మోసే కడ్డీ మీద రూపాయి బిళ్ల పెట్టాను. ఆ బరువుకు సూది ఎగరదు, కానీ గాడిని తినేస్తుంది. పదిసార్లు తిప్పాను. చివరికి సూదికి నల్లటి పొడి అంటింది. అరుపు పోయి బుస్సుమనే చప్పుడు మిగిలింది.

“అరిగిన సరుకు అంటగట్టిండ్రు నీకు,” అన్నాను ఖాజా మళ్లీ వచ్చినప్పుడు.

ఖాజా నా ముందే చెన్నైకి ఫోన్ చేసి ఆయన్ని దొంగ అన్నాడు. నేను ఊరుకున్నాను.

మోకాళ్లు సహకరించక స్వచ్ఛంద విరమణ తీసుకున్నాక, పోయిన ఏడు పెబ్బేరు సంతలో ఖాజా కనబడ్డాడు. ఇంకో కాపీ దొరికిందా అని అడిగాను.

“ఏడ దొరుకుతది సార్. ఎవన్ని నమ్మాల్నో తెల్వదు.”

బిళ్ల సంగతి, పదిసార్ల సంగతి అంతా చెప్పేశాను. ఖాజా జేబులోంచి ఫోన్ తీశాడు.

“ముందే చెప్పిన గద సార్, ట్యూబు పేలినట్టుంటదని.” తర్వాత చెన్నై నంబరు కలిపి ఫోన్ నా చేతిలో పెట్టాడు. “గాయిన్ని నేను దొంగ అన్న. మీరే చెప్పుండ్రి.”

చెన్నై ఆయన సాంతం విన్నాడు. మరో కాపీ లేదన్నాడు. అయితే అమ్మే ప్రతి రికార్డునూ ముందుగా ఎక్కించి దాచుకోవడం ఆయన అలవాటట. తిట్టకుండా అడిగి ఉంటే ఆ రోజే పంపేవాడినన్నాడు. సాయంత్రానికి పాట ఖాజాకు చేరింది, ఆయన నాకూ పంపాడు. నేను మొదటిసారి విన్న గరగరే అది; రికార్డు దోషం కాదు, పాటే అంత.

బిళ్ల ఒక రికార్డును తిన్నది. అరిగిన సరుకన్న నా మాట ఆ ఇంట్లో ఇన్నేళ్లను తిన్నది. ముందు ఎక్కించు, తర్వాత బాగుచెయ్యి అని మాకు నేర్పారు. పాడుచేస్తే ఆ రోజే చెప్పు అని ఎవరూ నేర్పలేదు. నేర్పకపోయినా అది నాకు తెలుసు.