పటిక నీళ్ళతో గీసిన మనిషి

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరి చేతులూ శుభ్రంగా ఉండేవి కావు. శ్రీకాళహస్తిలో గుడ్డల మీద కలంతో బొమ్మలు వేసి బతికే కుటుంబం మాది. నానబెట్టిన కరక్కాయ, పచ్చి గేదెపాలు, తుప్పు పట్టిన ఇనుమూ బెల్లమూ కలిపి కుండలో మురగబెట్టిన నల్లరంగు, ఇవే మా ఇంటి వాసనలు. బళ్ళో నా పక్కన కూర్చోవడానికి తోటి ఆడపిల్లలు మొహం ముడుచుకునేవారు. నాకు దానికి కోపం వచ్చేది గానీ సిగ్గేసేది కాదు. డెబ్బై దాటినా ఆ కోపం అలాగే ఉంది, తగ్గించుకోవాలని కూడా లేదు.

నాకు కలం పట్టడం నేర్పింది మా తాతయ్య. ఆయన మాటలు తక్కువ మనిషి. ఒకసారి ఆయనకు పెద్ద పని వచ్చింది. మా ఊరికి కొంత దూరంలో ఉన్న పల్లెలో చెరువుకట్ట తెగితే, అక్కడి పెద్దాయన ఒకాయన కూలీలను పెట్టి దాన్ని మళ్ళీ కట్టించాడు. చెరువు కింద సగం పొలం ఆయనదే. ఆ కథంతా గుడ్డ మీద బొమ్మలుగా వేయించి, కొత్తగా కట్టిన సత్రంలో వేలాడదీయాలని ఆయన కోరిక. పైవరసలో గంగమ్మ తల్లి, నడుమ గొడుగు కింద నిలబడిన తాను, కింద మట్టి మోసే జనం. అలా ఉండాలని చెప్పి వెళ్ళాడు.

ఆ పల్లె నుంచే ఒక అక్క మా ఇంటికి కరక్కాయలు దంచడానికి వచ్చేది. పదహారేళ్ళుంటాయేమో. వాళ్ళమ్మ ఆ కట్ట పనిలోనే చచ్చిపోయింది. మట్టి తవ్వుతున్న చోట పైగడ్డ విరిగి మీద పడింది. కళ్ళారా చూసినవాళ్ళు ఇరవైమంది ఉన్నారు. అయినా పెద్దాయన మనుషులు ఆమె జ్వరంతో పోయిందని చెప్పారు, కాగితాల్లోనూ అలాగే రాయించారు. రేపు మళ్ళీ ఆయన దగ్గరికే కూలికి పోవాలి కాబట్టి ఆ ఇరవైమందీ నోరు మూసుకున్నారు. అక్క ఇంట్లో వాళ్ళమ్మ ఫోటో ఒక్కటి కూడా లేదు.

ఒకరోజు అక్క రోలు దగ్గర నుంచి లేచి వచ్చి తాతయ్య ముందు నిలబడింది. "తాతా, ఆ మట్టి మోసేవాళ్ళలో మాయమ్మను గూడా ఎయ్యవా? మొగం మర్సిపోతానేమోనని బయంగా ఉండాది" అంది.

తాతయ్య ఆమెను కూర్చోబెట్టి, ముక్కు ఎలా ఉండేది, చీర ఎలా దోపుకునేది, గంప ఏ చేత్తో పట్టుకునేది అని పొద్దు వాలేదాకా అడిగాడు. మరునాడు చింతపుల్ల బొగ్గుతో చెరువుకట్ట నడిమధ్యలో ఆమెను గీశాడు. తలమీద గంప, నడుం మీద ఎడమచెయ్యి, మెడ కొంచెం తిప్పి వెనక్కి చూస్తూ ఉంది. అక్క చాలాసేపు అక్కడి నుంచి కదల్లేదు.

నాలుగు రోజులకు పెద్దాయన వచ్చాడు. చూడగానే ఆమెను గుర్తుపట్టాడు. జ్వరంతో పోయిన ఒక కూలిమనిషి మొహం ఆయనకు అంత బాగా ఎందుకు గుర్తుందో నాకు ఇప్పటికీ వింతే. "ఏమప్పా, ఈమె ఈడెందుకు? ఇది దేవుడి గుడ్డ. తుడిసెయ్, నా ముందరే తుడిసెయ్" అన్నాడు. ఆయన మాత్రం వేలు కూడా కదపలేదు. తాతయ్య పాతగుడ్డ తీసుకుని నాలుగుసార్లు దులిపాడు. బొగ్గుగీత కాబట్టి పొడిలా రాలిపోయింది. రోలు దగ్గర అక్క రోకలి పట్టుకుని చూస్తూనే ఉంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. రెండు రోజులు తాతయ్యతో మాట్లాడలేదు. మూడోరోజు ఉండబట్టలేక, "నువ్వు బయపడినావు తాతా" అనేశాను. ఆయన కోప్పడలేదు. "అవును, బయపడినాను. బయపడితే పని నిలబెట్టేయాల్నా ఏమి?" అన్నాడు.

తరువాత నల్లగీతలన్నీ వేశాడు. కట్ట మీద ఆమె ఉన్న చోటు బోసిగా మిగిలింది. ఆ మధ్యాహ్నమే ఆయన ఇంకో కలం తీసి, పటిక నీళ్ళలో ముంచి, ఆ బోసి చోటులో గీయడం మొదలుపెట్టాడు. ఎక్కడ పూశామో తెలియడానికి పటికలో చిటికెడు రంగు కలుపుకోవడం మా అలవాటు. ఆ రోజు ఏమీ కలపలేదు. పటిక గీత ఆరితే కనిపించదని, ఎర్రరంగు దిగే వేరు వేసి ఉడికించినప్పుడు పటిక పట్టిన చోటల్లా ఎరుపెక్కుతుందని మా ఇంట్లో పిల్లలకు అక్షరాల కన్నా ముందే తెలుస్తుంది. తాతయ్య నా వైపు చూసి పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు. అక్కకు కూడా చెప్పవద్దన్నాడు. ఎనిమిదేళ్ళ నోటికి అంత పెద్ద శిక్ష ఇంకోటి లేదు.

పెద్దాయన మళ్ళీ వచ్చాడు. వంగి వంగి చూశాడు. సరిగ్గా ఆమె మొహం ఉన్న చోట అరచెయ్యి ఆనించి, "ఇప్పుడు బాగుండాది" అన్నాడు. నవ్వు ఆపుకోలేక నేను పెరట్లోకి పరిగెత్తాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

గుడ్డను స్వర్ణముఖి ఒడ్డున పెద్ద రాగి గంగాళంలో ఉడికించాం. పొయ్యిలో కట్టెలు ఎగదోసేది అక్కే. తాతయ్య మీద అలిగి ఉంది, అయినా పనికి రావడం మానలేదు. రెండు గంటలు ఉడికాక తాతయ్య కర్రతో గుడ్డను పైకెత్తాడు. ఎర్రనీళ్ళు కారుతుండగా తలమీద గంప, ఆ వెంటనే మెడ తిప్పిన మొహం కనిపించాయి. అందరికీ నల్లగీతలున్నాయి, ఈమెకు లేవు. నిలువెల్లా ఎరుపే. అక్క "మాయమ్మా" అని ఇసుకలో కూలబడి ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

మిగతా రంగులన్నీ వేసి, సత్రం తెరిచిన రోజు పొద్దున చుట్టిన గుడ్డను తీసుకెళ్ళాం. గంగమ్మ ఉంది కాబట్టి విప్పీ విప్పగానే హారతి ఇచ్చారు. పల్లె జనమంతా మెట్లమీద, బయట ఎండలో నిలబడి ఉన్నారు. అంతదూరం నుంచి కూడా ముందు కనిపించింది ఎర్రటి మనిషే. గుసగుసలు మొదలయ్యాయి. ఎవరో ముసలాయన గట్టిగానే అన్నాడు, "గడ్డ మీద పడి సచ్చిపోయినామె గదా! నేను ఆ పక్కనే తవ్వుతా ఉన్నా." ఆయన అన్నాక ఇంకొకామె అంది. ఇన్నాళ్ళూ మూసుకున్న నోళ్ళు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి.

పెద్దాయన మొహం కందిపోయింది. అందరి ముందూ తాతయ్యను చెరిపెయ్యమన్నాడు.

తాతయ్య హారతి పళ్ళెం వైపు చెయ్యి చూపించాడు. "పటిక పట్టిన ఎరుపు చెరగదయ్యా. వద్దనుకుంటే గుడ్డను కాల్చాల్సిందే. ఇదో, హారతి ఇంకా వెలుగుతా ఉండాది. మీరే అంటించండి. ఒకసారి నా చేత్తో తుడిపించినారు. ఇంగ నా చెయ్యి రాదు."

పెద్దాయన పైన గంగమ్మను చూశాడు, మెట్లమీద జనాన్ని చూశాడు. కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు.

ఆ తరువాత ఎవరి మీదా కేసు నడవలేదు. కాగితాల్లో జ్వరం జ్వరంగానే ఉండిపోయింది. మాకు మాత్రం రెండేళ్ళు ఆ చుట్టుపక్కల ఎవరూ పని ఇవ్వలేదు. తాతయ్య దుప్పట్ల మీద పూలు వేసి ఇల్లు గడిపాడు. కానీ గుడ్డ సత్రంలోనే ఉంది. అక్క పెళ్ళయ్యాక తన పిల్లల్ని తీసుకొచ్చి, "మీ అమ్మమ్మ ఈమే" అని చూపించింది. ఆ పల్లెలో మళ్ళీ ఎవరూ జ్వరం మాట ఎత్తలేదు.

రెండేళ్ళ కిందట తిరుపతిలో ఒక ప్రదర్శనకు నేనొక గుడ్డ పంపాను. రోడ్డు కోసం పడగొట్టిన ఇళ్ళు, ఆ ఇళ్ళ ముందు కూర్చున్న ఆడవాళ్ళు అందులో ఒక మూలన ఉన్నారు. తెరిచే ముందురోజు నిర్వాహకుల్లో ఒక కుర్రాడు, చాలా మర్యాదస్తుడు, కాగితం, జిగురు పట్టుకుని వచ్చాడు. "పెద్దోళ్ళు వస్తావుండారు అవ్వా, ఆ మూలకు మీరే కాగితం అంటించేస్తే బాగుంటాది" అన్నాడు.

మీరే అన్న ఆ మాట దగ్గరే నాకు మా తాతయ్య చేతిలోని పాతగుడ్డ కళ్ళముందు ఆడింది. వద్దనేవాళ్ళకు ఎప్పుడూ మన చెయ్యే కావాలి. మనమే తుడుచుకుంటే, తుడిపించినవాడి పేరు ఎక్కడా ఉండదు. మా తాతయ్య దాచి గీయాల్సి వచ్చింది. నాకు దాచే ఓపిక కూడా లేదు.

"అంటించు నాయనా, నువ్వే అంటించు. రేపు పొద్దున అందరూ వచ్చినాక, వాళ్ళ ముందర అంటించు. నేనూ పక్కనే నిలబడతాను" అన్నాను.

ఆ కుర్రాడు జిగురు డబ్బాకు మూత పెట్టుకుని వెళ్ళిపోయాడు. మరునాడు నేను ఆ మూల పక్కనే కుర్చీ వేసుకుని సాయంత్రం దాకా కూర్చున్నాను.