సంతకాలు చూసి రాసిన వ్యాసం

నిన్న ఒక విద్యార్థి తెచ్చిన పాత మినిట్స్ పుస్తకం, అదే కంపెనీ సమావేశాల చిట్టా, తెరవగానే కలరా ఉండల వాసన గుప్పుమంది. ప్రొద్దుటూరులో బట్టల అంగడి మీది గది, దాన్నిండా కంపెనీ చట్టం పుస్తకాలు, వాటి మధ్య నాగరత్నమ్మ మేడం కళ్ళముందు నిలిచారు. లా కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయ్యాక కూడా ఆవిడ కుటుంబ కంపెనీల మీద వ్యాసాలు రాస్తూనే ఉండేవారు. నేను పులివెందులలో బస్సెక్కి వెళ్ళి, రాసిందల్లా చూపించి చీవాట్లు తినేవాణ్ణి.

నా మొదటి వ్యాసం అచ్చుకు పత్రికవాళ్ళు ఒప్పుకున్నారని ఒకరోజు మిఠాయి పొట్లంతో వెళ్ళాను. అది అచ్చయితే లా కాలేజీలో ఉద్యోగం ఖాయం. మా ప్రాంతపు కుటుంబ కంపెనీల్లో ఆడవాళ్ళు డైరెక్టర్లుగా ప్రతి సమావేశానికీ హాజరవుతున్నారని, చట్టం బ్రహ్మాండంగా పనిచేస్తోందని పేర్లతో సహా రాశాను. మేడం మిఠాయి ముట్టలేదు.

"వీళ్ళల్లో ఒక్కరితోనన్నా మాట్లాడినావా?"

"మినిట్స్ పుస్తకంలో సంతకాలున్నాయి కదా మేడం!"

"సంతకాలకు నోరుంటాదా? జమ్మలమడుగు పో. నువ్వు పేరు రాసిన నూనె మిల్లు లక్ష్మీదేవమ్మను అడిగిరా."

గొణుక్కుంటూనే వెళ్ళాను. లక్ష్మీదేవమ్మ మిద్దె మీద వడియాలు పెడుతోంది. నా ప్రశ్న విని పకపకా నవ్వింది.

"మీటింగా? యాడప్పా? మంచిరోజు చూసి పుస్తకానికి పసుపు కుంకుమ పెడతాం. ఏడాదికి సరిపడా సంతకాలు ఆ పొద్దే పెట్టేస్తా." అంతలోనే ఆమె ముఖం మారింది. "ఏందప్పా, ఇంతదూరం అడగనొచ్చినావంటే నాకేమన్నా అయితాదా?"

రేపు కంపెనీ తప్పు చేస్తే, ఆమెకు అన్నీ తెలుసని నేను అచ్చు వేయించబోయే మాటే ఆమె మెడకు చుట్టుకుంటుంది. వ్యాసం వెనక్కి తీసుకున్నాను.

ఆ ఏడు ఉద్యోగం రాలేదు. నిజం చెప్పొద్దూ, మేడం మీద ఒళ్ళు మండింది. అటు వెళ్ళడమే మానేశాను. ఆవిడే ఫోన్ చేశారు. "ఏమప్పా, అలిగినావా? అలిగితే అలుగు, రాసేది మాత్రం నిలపొద్దు." పొడిపొడిగా ఊఁ కొట్టి పెట్టేశాను. అయినా ఇల్లిల్లూ తిరిగాను. ఆ ఆడవాళ్ళ మాటలు విని, పేర్లు తీసేసి, వ్యాసం మళ్ళీ రాశాను. నెలల తర్వాత అది పట్టుకుని వెళ్తే గదికి తాళం ఉంది.

"మేడం పోయి పదకొండు దినాలాయ," అన్నాడు కింద అంగడాయన. "నీకు తెలీదా అప్పా?"

ఆ వ్యాసమే తర్వాత నాకు ఉద్యోగం తెచ్చిపెట్టింది. ఇప్పటికీ మనిషిని అడగకుండా ఒక్క వాక్యం రాయను. రాసినదాన్ని అందరూ బాగుందనే అంటారు. ఆ మాట వింటే దిగులేస్తుంది. అలిగి పోగొట్టుకున్న ఆ నెలల్లో ఒక్క పూట తిరిగొస్తే చాలు, ఎదురుగా కూర్చుని తనివితీరా తిట్లు తింటాను.