గమ్ము గిన్నెకు మూత

మొన్న మా అమ్మాయి చీరకు ఊడిన రాయి అతికించడానికి గమ్ము సీసా తెరిచింది. ఆ ఘాటు ముక్కుకు తగలగానే బతుకుదెరువుకు వలస పోయిన గోడాదరాలో మా పాత గది, ఎదురింటి సత్తెమ్మక్క గుర్తుకొచ్చారు. ఆమె పోయి చాలా కాలమైంది. ఆమె నన్నన్న మాట మీద మాత్రం నాకు కోపం ఇంకా పోలేదు.

మా ఆయన మగ్గాల పనికి వెళ్తే, నేను ఇంట్లో చీరలకు మెరుపు రాళ్లు అతికించేదాన్ని. సత్తెమ్మక్కదీ అదే పని. చీరల మూటలు తెచ్చే భాయ్ ఎన్నడూ గద్దించలేదు. "ఎప్పుడు చేస్తారో మీ మర్జీ, బెన్" అనేవాడు, మీ ఇష్టం అక్కా అన్నట్టు. మా ఆయన మీద అరవడానికి మేస్త్రీ ఉన్నాడు, నా మీద ఎవరూ లేరు. ఆ గొప్ప ఒకరోజు సత్తెమ్మక్క దగ్గర చెప్పుకున్నాను.

"గట్లనా? అయితే లే. మెట్ల మీద కూసొని చాయ్ తాగుదాం."

"ఇప్పుడెట్లొస్తక్కా? గిన్నె నిండ గమ్ము పోసిన. ఆరిపోతది."

"తలుపు బార్లా తెరిచే ఉన్నది, కాళ్లకు గొలుసు లేదు. నీ మర్జీ ఏడ వోయిందే, మహరాణీ?"

మెట్ల మీది ఆడవాళ్లంతా నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను. చాలా రోజులు ఆమెతో మాట్లాడలేదు.

తర్వాత ఒకసారి అమ్మాయి బడిలో ఆటలపోటీ చూడటానికి వెళ్లి, మూట పూర్తి చేయలేకపోయాను. భాయ్ అప్పుడూ కోప్పడలేదు. "మీ మర్జీ, బెన్" అని నవ్వాడు. మర్నాటి నుంచి అన్ని ఇళ్లకూ మూటలు దించి నా గడప దాటి పోయేవాడు. అడిగితే పని లేదనేవాడు. గది కిరాయికి నా పనే ఆధారం. ఎవరితో కొట్లాడను? నన్ను పొమ్మన్నవాడే లేడు.

ఓ పొద్దున సత్తెమ్మక్క తన మూటను తిరిగి అతని బండి మీద పెట్టింది. "దానికి లేని పని నాకూ వద్దు భాయ్. నా మర్జీ." నన్ను చూసి నవ్విన ఆ ఆడవాళ్లే ఒక్కొక్కరూ వచ్చి తమ మూటలు పెట్టారు. మర్నాడు నా గడపలో మూట దిగింది.

నేను కళ్లు తుడుచుకుంటూ ఏదో చెప్పబోతే, "గిన్నె నిండ పోసుకోకే, జర జర పోసుకో. లేవాల్నంటే లేవొస్తది. మూత పెట్టి రా, చాయ్ చల్లారుతది" అంది. ఆ రోజు మొదటిసారి పని మధ్యలో లేచాను.

ఇప్పుడు అమ్మాయి ఇంట్లో కూర్చునే ఫోన్‌లో చీరలమ్ముతోంది. "నా మీద బాసెవరూ లేరమ్మా" అంటుంది. ఫోన్ మోగితే మాత్రం ముద్ద కంచంలోనే వదిలి లేస్తుంది. నేనేమీ అనను. అంటే అది కూడా నాలాగే ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకుంటుంది. రోజూ సాయంత్రం నాకూ దానికీ రెండు గ్లాసుల్లో చాయ్ పోసి మెట్ల మీద కూర్చుంటాను. తలుపు తెరిచే ఉంచుతాను.