కోటకొమ్మలు

నేను బడికి పోయింది రెండేళ్లే. విన్న మాటను విన్నట్టు చెప్పాలని పంతులు ఆ రెండేళ్లూ చెబుతూనే ఉన్నాడు. నేను ఒకసారి చెప్పలేదు. దాంతో మా అత్త బతుకు పాడయ్యేదే.

అత్త అంటే మా నాన్న చెల్లెలు. పెండ్లయిన మూడేండ్లకే భర్త పోతే గద్వాలలో మా ఇంటికొచ్చింది. మాది మగ్గాల ఇల్లు. పొద్దున లేస్తే ఆమె పని కండెలకు నూలు చుట్టడం. చెయ్యి ఖాళీ అయితే బొగ్గుముక్కతో గోడ మీద నెమళ్లు, ఏనుగులు గీసేది. బొగ్గు దండగని అమ్మ, సున్నం దండగని నాన్న తిట్టేవాళ్లు. దండగే మరి, కాదనను.

ఆ ఎండకాలం ఊళ్లో నాటకాల మేళం దిగింది. వాళ్ల తెరలకు బొమ్మలు వేసేవాడు జ్వరంతో రాయచూరులో ఆగిపోయాడట. చీర కొనడానికి మా ఇంటికొచ్చిన మేళం పెద్ద ఆ గోడ చూసి నిలబడిపోయాడు. కోట తెర ఒకటి వేసిమ్మన్నాడు. బాగుంటే అత్తను మేళంలోకి తీసుకుంటాడు, ఆయన భార్య కూడా వెంట తిరుగుతుంది కాబట్టి తోడు ఉంటుంది. బాగాలేకపోతే కండెలే. అత్త తలుపు చాటున ఉండి విన్నది. ఆ పూట ఆమె చుట్టిన కండెలన్నీ వదులుగా వచ్చాయి.

అత్త పరాయి మగవాళ్లతో మాట్లాడేది కాదు. అందుకని కబుర్లు మోసేది నేను. మూడో రోజు మేళం పెద్ద నాతో, కోట గోడ నెత్తిన వరసగా నిలిచే కొమ్మలు మరిచిపోవద్దని, మన ఊరి కోట మీద ఉన్నట్టే పైన గుండ్రంగా ఉండాలని చెప్పి పంపాడు. దారిలో గాజులాయన బుట్ట దింపి ఉంటే అక్కడ ఆగాను. ఇంటికి పోయి "కోటకొమ్మలు పెట్టాల్నంట" అని మాత్రం అన్నాను.

నేతవాళ్ల ఇంట్లో ఆ మాటకు ఒకటే అర్థం. చీర అంచు పొడుగునా రంపపు పళ్లలా నేసే మొనలను మేము కోటకొమ్మలు అంటాము. అత్త పోగులు లెక్కబెట్టినట్టు లెక్కబెట్టి, కోట గోడ నెత్తిన ఎర్రటి మొనలు వరసగా వేసింది. ఒక్కటి కూడా వంకర పోలేదు.

ఆట రోజు మధ్యాహ్నం మైదానంలో తెర కట్టారు. రాణి వేషం వేసే మగమనిషి చూసి, "గోడకు చీర గట్టిన్రేందిరా. నాకియ్యున్రి, గట్టుకొని ఆడ్త" అన్నాడు. అందరూ నవ్వారు. మేళం పెద్ద నవ్వలేదు.

"ఈ ఊరంత నేతోళ్లు. రాజు ఏడ్సేకాడ గిట్లనె నవ్వుతరు, నా ఆట పాయె" అన్నాడు. పొద్దుగూకేలోపు సరిచెయ్యకపోతే తెర తీసేస్తానని, ఇక అత్తను ఇంట్లోనే ఉండమనమని నాకు చెప్పాడు.

ఈసారి, మొన్న మరిచిన మాటతో సహా, ఒక్కటీ పోనివ్వకుండా అప్పజెప్పాను. అత్త ముఖం రాయిలా అయింది.

"గుండ్రంగ అన్నడా?"

తల ఊపాను.

"మరి నాకెందుకు చెప్పకపోతివి?"

కొడితే బాగుండేది. కొట్టలేదు. తెర విప్పి ఇంటికి తెచ్చి మళ్లీ కట్టేంత పొద్దు లేదు. ఆమె రంగు చిప్పలు గంపలో పెట్టుకొని కొంగు బిగించింది.

మగ్గం మీది నుంచి నాన్న "యాడికి?" అన్నాడు.

"మైదానానికి."

"మొగోళ్ల నడుమ నిచ్చెనెక్కుతవా?"

"తెర ఆడ్నె ఉన్నది గదన్నా."

నిచ్చెన ఎక్కింది. మొనల కొసల మీద ఆకాశం రంగు, పక్కల ఖాళీల్లో మొనల ఎరుపే వేస్తే మొన గుండ్రటి కొమ్మ అవుతుంది. తుమ్మబంక కలిపిన రంగు అది. రెండోసారి తడి తగిలితే కింది రంగు కరిగి కారుతుంది, అందుకే ఒక్కో చోట ఒక్కటే గీత. గాలికి తెర ఊగకుండా దాని అడుగున కట్టిన వెదురును నేను, మేళం పెద్ద భార్య పట్టుకున్నాము. నా అరచేతులు బొబ్బలెక్కాయి. కుంచె ఆగిన ప్రతిసారీ పడమర చూసేదాన్ని. జనం చేరుతున్నారు. ఎప్పుడొచ్చాడో నాన్న, తెరకు వీపు పెట్టి, జనం వైపు ముఖం పెట్టి నిలబడ్డాడు. ఎవరూ దగ్గరికి రాలేదు.

పొద్దు గుంకుతుండగా మేళం పెద్ద నిచ్చెనెక్కి చివరి కొమ్మ మీద వేలు పెట్టి చూశాడు. వేలికి రంగు అంటలేదు. ఆ మాపటి ఆటలో రాజు ఏడ్చాడు. ఎవరూ నవ్వలేదు.

తెల్లారి ఆయన ఇంటికొచ్చాడు. వనపర్తిలో ఆడే ఆటకు అడవి తెర కావాలి, చెల్లెలిని పంపుతారా అని నాన్నను అడిగాడు. నాన్న మగ్గం మీద పోగుల మధ్య నాడె విసురుతూనే, "ఆమెనె అడుగున్రి" అన్నాడు.

మేళం పెద్ద అలవాటు కొద్దీ నా వైపు తిరిగాడు. అప్పటికే అత్త తలుపు చాటు నుంచి బయటికొచ్చి నిలబడింది.

"అడివంటె ఏం చెట్లు, ఎంత ఎత్తు? నాతోనె చెప్పున్రి. పిల్లతోని పంపకున్రి."