ఆఖరికి ఏం తిన్నది?

మా హెడ్ నర్సు, పెద్ద సిస్టర్ పోయింది. నిన్న పొద్దున కోరుట్ల బస్టాండులో కుప్పకూలితే, ఎవరో జగిత్యాలకు, మా ఆసుపత్రికే తీసుకొచ్చారు. ఏళ్ల తరబడి తాను కనిపెట్టుకుని ఉన్న ఐసీయూలోనే, మా చేతుల్లోనే, మధ్యాహ్నానికల్లా ప్రాణం విడిచింది.

ఐసీయూ అంటే జనానికి మిషన్లు గుర్తొస్తాయేమో. నాకు ఆ తలుపు గుర్తొస్తుంది. దాని బయట జరిగే కొట్లాటలు చూస్తే మీరు కూడా నాలాగే, ఈ ఉద్యోగం ఇవాళే మానేద్దామనుకుంటారు. "లోపల ఏం జేస్తుండ్రు? మా మనిషిని మాకు సూపియ్యరా?" అని రోగుల తాలూకు వాళ్లు మీదికొస్తారు. నాకా నోరాగదు, నేనూ అరిచేదాన్ని. పెద్ద సిస్టర్ నా మోచెయ్యి పట్టి లోపలికి లాగేది.

"అరవనియ్యి బిడ్డా. ఏడ్వ జాగ దొరకనోళ్లు ఈడికొచ్చి అరుస్తరు."

ఇప్పుడు నన్నలా లాగేవాళ్లు లేరు. చాలా ఒంటరిగా ఉంది.

గొడవ ముదిరితే ఆమె అందరినీ కారిడార్‌లో నేలమీద కూర్చోబెట్టేది, డాక్టర్‌తో సహా. రోగం ఊసెత్తేది కాదు. మంచం మీది మనిషి ఆఖరుగా ఏం తిన్నారని అడిగేది. మొదట్లో నాకు నవ్వొచ్చేది.

ఒకసారి సిరిసిల్ల నుంచి ఓ ముసలామెను తెచ్చారు. మరమగ్గాల మీద పనిచేసే కొడుకు, తల్లిని ప్రాణముండగానే ఇంటికి పంపమని డాక్టర్ కాలర్ పట్టుకున్నాడు. "అవ్వను సంపుతవా అన్నా?" అంటూ చెల్లెలు అడ్డం పడింది. డాక్టర్ పోలీసులను పిలుస్తానన్నాడు.

"కూసోండ్రి," అంది పెద్ద సిస్టర్. "మీ అవ్వ ఆఖరికి ఏం తిన్నది?"

"మక్కగట్క అడిగింది. సల్ల వోసి ఇచ్చిన," అంది కూతురు.

"రెండు బుక్కలు నేనే వెట్టిన," అంటూ కొడుకు బావురుమన్నాడు. అప్పుడు బయటపడింది అసలు సంగతి. "మాది కిరాయి ఇల్లు సిస్టరమ్మా. ఈడ పానం పోయినంక తీస్కపోతే ఓనరు వాకిట్లకు గూడ రానియ్యడు. అవ్వను రోడ్డు మీద పండవెట్టుకోవాల్నా?"

మాకెవరికీ తట్టనే లేదు. కూతురు కళ్లు తుడుచుకుంది. "బోయినపల్లిల మా అత్తోళ్ల ఇల్లు సొంతమే గదన్నా. ఏమన్నయితే ఆడికే తీస్కపోదాం."

ఆ తల్లి దక్కలేదు. కానీ పోయేటప్పుడు అన్నాచెల్లెళ్లు చెరో చెయ్యి పట్టుకుని ఉన్నారు.

పెద్ద సిస్టర్‌ది కూడా కోరుట్లలో కిరాయి గదే. ఒక్కతే ఉండేది. నిన్న ఓనరుకు ఫోన్ చేస్తే, "ఇంట్ల పూజ వెట్టుకున్నం, ఇటు తేకుండ్రి," అన్నాడు. ఎల్లారెడ్డిపేట నుంచి ఆమె అక్క కొడుకు బయలుదేరాడు. అతడు వచ్చేదాకా మేమేం చేశామనుకున్నారు? కొట్లాడుకున్నాం. కొన్నాళ్లుగా ఆమె ఆయాసపడుతుంటే ఎవరూ పట్టించుకోలేదని డాక్టర్ నర్సుల మీద, నేను డాక్టర్ మీద. అదే తలుపు ముందు.

చివరికి నేలమీద కూలబడ్డాను. ఒక్కొక్కరే వచ్చి పక్కన కూర్చున్నారు, డాక్టర్ కూడా.

"సిస్టర్ ఆఖరికి ఏం తిన్నది?" అన్నాను.

ఎవరికీ తెలియదు.

మొన్న డ్యూటీ దిగి పోతూ ఆమె మరిచిపోయిన టిఫిన్ డబ్బా మా నర్సుల గదిలో సింకు పక్కనే ఉంది, కడిగి బోర్లించి. తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. సబ్బు వాసన తప్ప ఏమీ లేదు.