తలంబ్రాల దగ్గర ఆరిపోయిన తెర

మొన్న పక్కింటి అమ్మాయి తన పెళ్లి వీడియోను ఫోనులో చూపిస్తూ, తలంబ్రాల ఘట్టంలో తెర నిండా పూలు రాలుతుంటే, "సూడు పెద్దమ్మా, ఎంత బాగుండాదో!" అని మురిసిపోయింది. బాగుందమ్మా అన్నాను గానీ, ఆ తెర ఎక్కడ నల్లబడిపోతుందో అని ఒక్క క్షణం భయపడ్డాను. ఆ భయం ఎక్కడిదో నా ఈడు వాళ్లకు చెప్పుకోవాలనిపించి ఇది రాస్తున్నాను.

ఎమ్మిగనూరులో మగ్గాల ఇంట పుట్టినదాన్ని, బడి మొహం చూసినదాన్ని కాదు. నాయన మగ్గం గుంటలో కూర్చుని నేస్తూనే నాకు అక్షరాలు, లెక్కలు, భజన పాటలు నేర్పాడు. ఆ చదువుకు ఆయనకూ, మంత్రాలయం స్వామికీ ఈనాటికీ రోజూ దణ్ణం పెట్టుకుంటాను. పెళ్లయిన కొన్నాళ్లకే మావారు పోయారు. మగ్గం మానేసి ఆదోనిలో ఫోటో స్టూడియో పెట్టుకున్న మా బావగారు, అంటే మావారి అన్న, నన్ను తమ ఇంటికి తెచ్చుకుని, కంప్యూటరు మీద పెళ్లి వీడియోలు కత్తిరించి అతికించే పని నేర్పించారు. ఎవరివో నవ్వులు, ఎవరివో అప్పగింతల ఏడుపులు, వాటి మధ్య నాకూ ఒక బతుకు దొరికిందని ఎంత పొంగిపోయానో.

పూలు రాల్చే హంగులు కొత్తగా వచ్చాయని ఒక పెళ్లిళ్ల కాలంలో బావగారు పెద్ద గ్రాఫిక్స్ కార్డు తెచ్చి బిగించారు. అప్పటి నుంచే మొదలైంది. పందిరి, విందు, ఊరేగింపు బాగానే నడిచేవి. తలంబ్రాల మీద పూలు రాల్చబోతే చాలు, లోపల ఫ్యాన్లు తిరుగుతూనే ఉండేవి, తెర మాత్రం చీకటైపోయేది. బావగారు మానిటరు వైరు మార్చారు, కార్డు ఊడదీసి దాని అంచును రబ్బరుతో రుద్దారు, దుమ్ము ఊదారు, సాఫ్టువేరు తీసి మళ్లీ వేశారు. ఏం చేసినా అంతే.

చివరికి నా తోడికోడలే, నేను అక్కా అని నోరారా పిలిచే ఆమే, అననే అన్నది. "సెప్తే బాధపడతావు గానీ మే, నీ సెయ్యి పడి ఆరిపోతాండాది. అదీ తలంబ్రాల కాడ! ముత్తైదువల పనిలో నీలాంటోళ్ల సెయ్యి యాడన్నా పెడతారా?" బావగారు కూర్చున్నా ఆరిపోతోంది కదక్కా అంటే, "నువ్వు ముట్టినంక ఇంగెవురు ముడితే ఏముంది?" అని లోపలికి పోయింది. పెళ్లి వీడియోలు నా చేతిలోంచి తీసేశారు. స్టూడియోలో పనంటే అవే.

ఆ మధ్యాహ్నం స్వామిని తలుచుకుని, ఒక రథోత్సవం వీడియో తీసి దాని మీద అవే పూలు రాల్చి చూశాను. తెర అక్కడా ఆరిపోయింది. దేవుడి మీద కూడా నా నీడ పడిందా అని ఏడుపొచ్చింది గానీ, ఆ ఏడుపులోనే బుద్ధి కదిలింది: అది ఓడిపోతున్నది తాళి దగ్గర కాదు, పూల బరువు దగ్గర. కరెంటు తీసి, కంప్యూటరు పక్క రేకు విప్పి, కార్డుకు పోయే వైరును తడిమితే టేపు కింద ఒక ముడి, వేడిగా. టేపు ఊడదీశాను. మగ్గం మీద పడుగు పోగు తెగితే మేము రెండు వేళ్లతో మెలివేసే అతుకు అది! కార్డుకు వేరుగా కావలసిన వైరు లోపలి భాగాలకు కరెంటు పంచే పాత ఎస్ఎంపీఎస్ డబ్బాలో లేకపోతే, బావగారు అలవాటు చొప్పున ఇంకో సన్న వైరుకు దాన్ని మెలివేసేశారు. ఆ అతుకుతో పోగైతే గుడ్డయ్యేది. కార్డుకు చాలినంత కరెంటు మాత్రం అందలేదు. తన చేతి అతుకును ఏ నేతగాడు అనుమానిస్తాడు?

"థూ, నా సేతి పనే కదమ్మా ఇది!" అని, పిలిచి చూపించగానే బావగారు తల కొట్టుకున్నారు. ఆ పూటే పెద్ద డబ్బా తెచ్చి, సరైన వైరు తగిలించారు. పూలు ధారగా రాలాయి. నేను కళ్లు మూసుకుని చేతులు జోడించాను, నా పని నాకు తిరిగి వచ్చిందని.

అక్క గుమ్మంలో నిలబడి అంతా చూసింది. "వైరుదే తప్పు, కాదన్ను మే. అయినా పెండ్లోళ్లు వచ్చి ఎవురు సేసినారంటే ఏం సెప్పేది? నువ్వు కర్మలవి, గుళ్లవి సూసుకో." నేను బావగారి వైపు చూశాను. ఆయన వేళ్లకంటిన టేపు జిగురును శ్రద్ధగా గిల్లుకుంటూ తలెత్తలేదు.

అప్పటి నుంచి వెనక గదిలో కూర్చుని, కంప్యూటరు మీద పోయినవాళ్ల ఫోటోలకు దండలు వేశాను. తిండికీ నీడకూ లోటు చేయలేదు. అందుకు కృతజ్ఞురాలినే, ఆ మాట దేవుడితో కూడా అంటాను. నన్ను వెనక గదికి నెట్టినదానికి మాత్రం దణ్ణం పెట్టడానికి నాకు చేతులు రాలేదు.

కొన్నేళ్లకు బావగారు పోయారు. ఆయన ఫోటోకు దండ కూడా నేనే వేశాను. ఆ తర్వాత మొదటి పెళ్లివారు మెట్లెక్కుతున్న చప్పుడు వినగానే, ఎవరూ ఏమీ అనకముందే, అక్క స్టూడియో పనివాణ్ణి ముందు గదిలోకి పొమ్మని చెప్పి వెనక గదిలోకి వచ్చింది. "ఈడ కూసుంటే నీకేమన్నా అడ్డమా మే?" అని అడిగింది. జరిగి చోటిచ్చాను. ఆమెకూ నా గతే పట్టిందన్న సంతోషం కలగలేదు, అది స్వామి దయ. ఆ కంప్యూటరు ఎప్పుడో పాత సామాన్లలోకి పోయింది, దాని తర్వాత ఎన్నో వచ్చాయి, దేనికి ఎంత కరెంటు కావాలో ఇప్పుడు డబ్బా మీదే రాసి ఉంటుంది. మా ఇద్దరినీ మాత్రం మళ్లీ ముందు గదిలోకి రమ్మని ఎవరూ పిలవలేదు. మేమూ పోలేదు.